నాగమ్మతో కలిసి నడిచిన పేరయ్య

పేతురు యొప్పేలో ఎవరి ఇంట బస చేశాడో లూకా భక్తుడు మరచిపోకుండా రాశాడు (అపొ. కార్య. 9:43). అది సీమోను అనే చర్మకారుని ఇల్లు. చచ్చిన పశువును ముట్టినవాడు అపవిత్రుడని చిన్ననాటి నుండి నేర్చుకొన్న పేతురు, తోళ్ల వాసన నిండిన ఆ ఇంట్లో చాలా రోజులున్నాడు. శతాధిపతి కొర్నేలీ పంపిన మనుషులు ఆయనను వెదుక్కుంటూ వచ్చి నిలబడింది ఆ గుమ్మం ముందే. అన్యజనులకు సువార్త ద్వారం తెరవబోయే ముందు దేవుడు తన అపొస్తలుణ్ణి ఒక తోలుపనివాని ఇంట ఉంచాడన్నమాట. మన తెలుగునాట కూడా దేవుని కార్యం ఒక తోళ్ల వ్యాపారి ఇంటి నుండి పెద్ద ప్రవాహమై పారింది. ఆయన పేరు ఎర్రగుంట్ల పేరయ్య. ఆయన భార్య నాగమ్మ.

అచ్చంపేట, అమ్రాబాద్, బల్మూరు వైపు పల్లె సంఘాల్లో మేము ఈ పేరు ఎత్తినప్పుడు గుర్తుపట్టేవారు తక్కువే. ఒంగోలు క్లౌ దొర పేరు కొందరు విన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మరికొందరికి తెలుసు. అంతకు పన్నెండేళ్ల ముందు ఒక భార్యాభర్తలు వేసిన అడుగు మాత్రం మరుగున పడిపోయింది. వేదాంత కళాశాలలో మేము చదువుకున్న సంఘ చరిత్రలో కూడా మిషనరీల రాకపోకల తేదీలకు దొరికినంత చోటు పేరయ్యకు దొరకలేదు.

ఆయనది ఒంగోలుకు దాదాపు నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు. మాదిగ కుటుంబంలో పుట్టాడు. తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగేవాడు. అయితే ఆయన మనసు వ్యాపారంతో తృప్తిపడలేదు. వీరమ్మ అనే స్త్రీని గురువుగా ఎంచుకొని యోగం నేర్చుకొన్నాడు. తాను నేర్చింది తన వారికి చెబుతూ, వారిలో కొందరికి తానే గురువయ్యాడు. గుడి గడప తొక్కనివ్వని మనుషుల్లో దేవుని కోసం ఎంత ఆకలి ఉండేదో దీన్నిబట్టి గ్రహించవచ్చు. పేరయ్య పూర్వజీవితాన్ని చీకటి అనే ఒక్క మాటతో కొట్టిపారేయడం మాకు ఇష్టం లేదు. కొర్నేలీ బాప్తిస్మం పొందకముందే అతని ప్రార్థనలు దేవుని సన్నిధికి చేరాయని దూత చెప్పలేదా?

వ్యాపారం మీద ఉత్తరానికి వెళ్లిన పేరయ్య ఏలూరులో పనిచేస్తున్న అలెగ్జాండర్ దొర నోట, ఆ తరువాత గోదావరి డెల్టా మిషనుకు చెందిన బౌడెన్ దొర నోట క్రీస్తును గూర్చి విన్నాడు. త్వరలో మీ ఒంగోలుకే ఒక మిషనరీ రాబోతున్నాడని బౌడెన్ ఆయనకు తెలిపాడు. పేరయ్య ఇంటికి తిరిగొచ్చాడు. విన్నది తనలోనే దాచుకోలేదు అనడానికి తరువాత జరిగినదే సాక్ష్యం. 1866లో నెల్లూరు మిషనరీ లైమన్ జెవెట్ ఒంగోలుకు వచ్చినప్పుడు, అంత దూరం వచ్చి బాప్తిస్మం పొందినవాడు పేరయ్య ఒక్కడే కాదు. నాగమ్మ కూడా పొందింది.

ఆ రోజుల్లో అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషను ఎలాంటి స్థితిలో ఉండేదో తెలిస్తే ఈ అడుగు విలువ తెలుస్తుంది. 1836లో మొదలైన పని అది. ముప్ఫై ఏళ్లయినా ఫలం కొద్దిగానే కనిపించడంతో, మూసివేద్దామన్న మాట అమెరికాలో మళ్లీ మళ్లీ లేచింది. పటంలో ఒంటరి నక్షత్రంలా మిగిలిందని దానికి ఆ పేరే పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున జెవెట్ దంపతులు ముగ్గురు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. ఈనాటికీ అది ప్రార్థన కొండే. జవాబు పన్నెండేళ్లకు వచ్చింది. అది అగ్రహారం నుండి రాలేదు, బజారు నుండి రాలేదు. మాదిగవాడ నుండి వచ్చింది.

1866 సెప్టెంబరులో జాన్ క్లౌ ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. అప్పటికే పేరయ్య వచ్చి, మా వైపు రెండు వందల మంది దాకా నమ్మారు, వచ్చి చూడండి అని పిలిచాడు. కొత్తగా వచ్చిన మిషనరీకి ఆ లెక్క ఎంత వింతగా ఉండి ఉంటుందో! ఆ జనవరిలోనే క్లౌ తాళ్లకొండపాడు వెళ్లాడు. చింతతోపులో గుడారం వేశారు. చుట్టుపక్కల పల్లెల నుండి జనం తిండి మూటలు, మార్చుకొనే బట్టలు తెచ్చుకొని వచ్చారు. బాప్తిస్మం ఇచ్చేదాకా ఉండటానికే వచ్చామన్నారు. కొన్ని రోజుల బోధ, ప్రశ్నల తరువాత ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం పొందారు.

వీళ్లను ఎవరు పోగుచేశారు? ఊరూరా కూటాలు పెట్టే మిషనరీ అప్పటికి లేడు. తోళ్ల కోసం తిరిగిన బాటలు, తన దగ్గర యోగం నేర్చుకొన్న శిష్యులు, పిల్లనిచ్చి పుచ్చుకొన్న వాడలు, ఇవే పేరయ్య సేవాక్షేత్రం. అత్తగారి ఊరు, మేనమామ ఊరు, చెల్లెలినిచ్చిన ఊరు అంటూ పల్లెల్లో మనుషులను కలిపే దారులుంటాయి. సువార్త ఆ దారుల వెంటే నడిచింది. ఇది బంధుత్వాల వెంట పాకిన ఉద్యమమని క్లౌ కూడా తన జ్ఞాపకాల్లో గుర్తించాడు. ఇక నాగమ్మ సంగతి. పొయ్యి దగ్గర, బావి దగ్గర ఆడవాళ్లు మాట్లాడుకొనే చోటికి పేరయ్య వెళ్లగలడా? డేరాలు కుట్టి బతికిన అకుల పేరు వచ్చిన ప్రతిచోటా లేఖనం ప్రిస్కిల్ల పేరు కూడా చెబుతుంది. మా దృష్టిలో పేరయ్య, నాగమ్మల జంట కూడా అటువంటిదే.

ఆ తరువాత ఒంగోలులో ఒక పరీక్ష వచ్చింది. అగ్రకులాల వారు కొందరు క్లౌ బోధ పట్ల ఆసక్తి చూపుతున్నారు. మాదిగలను చేర్చుకొంటే మేము రాము అన్నది వారి మాట. పెద్దల పిల్లలు బడి మానేశారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, భార్య హారియెట్ మరో గదిలో బైబిలు తెరిస్తే, ఒకరికి తెలియకుండా ఒకరికి 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం 26వ వచనం నుండి ఉన్న భాగమే కంటబడిందని వారు చెప్పారు. లోకం నీచమని తృణీకరించిన వారిని దేవుడు ఏర్పరచుకొన్నాడన్న భాగమది. తాళ్లకొండపాడు వారిని వదులుకొనే ప్రసక్తి లేదని తేలిపోయింది. ఈ సంఘటనను మిషనరీ దంపతుల విశ్వాసానికి ఉదాహరణగా చెప్పుకోవడం పరిపాటి. తమ ప్రవేశం గురించే బేరం నడుస్తుంటే వాడలో కూర్చొని ఎదురుచూసిన వారి విశ్వాసం కూడా అందులో ఉందని మేము అంటాము.

చేర్చుకొన్నాక వారు చెల్లించిన వెల తక్కువది కాదు. క్లౌ పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆనాటి మాదిగ బతుకు ఎలా అల్లుకొని ఉందో చూడండి. రైతుకు చెప్పులు కుట్టాలి, బావి మోటకు తోలు బొక్కెన కట్టాలి, చచ్చిన పశువును ఎత్తాలి, జాతరలో డప్పు కొట్టాలి. దానికి ప్రతిఫలం కల్లంలో కొలిచే గింజలు, చచ్చిన పశువు తోలు, మాంసం. డప్పు కొట్టనంటే ఊరికి కోపం. ఆదివారం వెట్టికి రానంటే కరణానికి, మునసబుకు కోపం. బావి దారి మూస్తారు, పనికి పిలవరు. మాంసం మానడాన్ని శుభ్రత అని తేలికగా మెచ్చుకొంటాం గాని, ఎండాకాలంలో ఖాళీ కుండ ముందు కూర్చొన్న తల్లికి అది పిల్లల కంచంలోని ముద్ద. ఆ నియమాన్ని మగవాడు చింతచెట్టు కింద ఒప్పుకొన్నా, ప్రతి పూటా దాన్ని నిలబెట్టవలసింది ఇంటి ఇల్లాలు. అందుకే ఇల్లంతా నమ్మిన చోటే ఆ విశ్వాసం నిలిచింది.

1876–78 ధాత కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని క్లౌ కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి చూపించాడు. తిండి కోసం చేరుతున్నారన్న మాట రాకూడదని, సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ నిరీక్షణ తరువాత వచ్చిందే గుండ్లకమ్మ దినం. దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

పేరయ్య వంటి తొలి బోధకుల కథలు మనకు మిగలడానికి క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ముఖ్య కారకురాలు. ఆమె వృద్ధ బోధకుల నోట విని, 1899లో 'వైల్ సోయింగ్ శాండల్స్' అనే పుస్తకంగా అచ్చువేయించింది. చెప్పులు కుడుతూ చెప్పుకొన్న కథలన్నమాట. ఆమె అడగకపోయి ఉంటే అవి ఆ వృద్ధులతోనే సమాధి అయ్యేవి.

ఒంగోలు ఎక్కడ, నల్లమల ఇవతల ఉన్న మన అచ్చంపేట ఎక్కడ అనుకోవచ్చు. ఆ మిషను పనే నిజాం రాజ్యంలోకి పాకింది. 1885లో ఎల్బర్ట్ చ్యూట్ పాలమూరులో, 1890లో అబ్రాహాము ఫ్రీసెన్ నల్లగొండలో పని ప్రారంభించారు. 1937లో పాలమూరు క్షేత్రం మెన్నొనైట్ బ్రదరెన్ వారి చేతికి వచ్చింది. ఇవి కూడా మిషనరీల తేదీలే. వారిని మొదటిసారి తన గుడిసె ముందు కూర్చోబెట్టిన మన తాత ఎవరు, ఆ పూట వండిపెట్టిన అవ్వ ఎవరు అన్నది ఏ నివేదికలోనూ లేదు. ఏ ఇంటి ముసలమ్మ జ్ఞాపకంలోనో ఉంటుంది. మన పాలమూరు బిడ్డలు వలస కూలికి దూరదేశాలకు పోతే, ఇళ్లల్లో మిగిలేది ఆ ముసలమ్మలే. మా సంఘాల యౌవనస్థులకు ఈ నెల మేము అప్పగించిన పని ఒకటే. ఇంట్లో అందరికంటె పెద్దామె దగ్గర కూర్చొని, మన ఇంట మొదట నమ్మింది ఎవరని అడగండి. భర్త పేరు, భార్య పేరు, వారు వచ్చిన ఊరు, విడిచిపెట్టిన పని, వీటిని కుటుంబ బైబిలు మొదటి ఖాళీ పేజీలో రాయండి.