కుందేలు ఆడే వేళ, దోమ తిరిగే వేళ

ఆస్ట్రేలియాలో చించిల్లాను పెంచుకోవడం కుదరదు. ఆండీస్ కొండల్లో పుట్టిన ఆ మెత్తటి బొచ్చు జీవిని పెంపుడు జంతువుగా దేశంలోకి రానివ్వరు. హామ్‌స్టర్‌కూ అంతే. పిల్లలు ముచ్చటపడితే చివరికి ఇంటికొచ్చేది గినీపిగ్గో, కుందేలో. క్వీన్స్‌లాండ్‌లో కుందేలుకూ చోటు లేదు. ఇంట్లో పెంచితే నేరం. ఇంద్రజాల ప్రదర్శనలకు, పరిశోధనలకు మాత్రం పర్మిట్ మీద ఒప్పుకుంటారు. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్‌లలో ఆ అడ్డు లేదు. కానీ అక్కడ కూడా కొత్త కుందేలును బోనులోంచి ఎక్కడ, ఎప్పుడు వదలాలో తేల్చుకోవడం అంత సులువు కాదు.

వదలక తప్పదు, అది మాత్రం ఖాయం. కుందేలు వెనక కాళ్ళ కండలు చాలా బలమైనవి, ఎముకలు మాత్రం తేలిక. పిల్లి ఒంటి బరువులో ఎముకలు 12 శాతం దాకా ఉంటే, కుందేలుకు 8 శాతం లోపే. రోజంతా బోనులో ముడుచుకు కూర్చుంటే ఆ కాస్త ఎముకా గుల్లబారుతుంది. అలాంటి కుందేలును ఎవరైనా హఠాత్తుగా ఎత్తినప్పుడు అది గట్టిగా తన్నుకుంటే సొంత వెన్నెముకనే విరగ్గొట్టుకోగలదు. పరుగు, గెంతు దానికి ముచ్చట్లు కావు, మేతతో సమానమైన అవసరాలు.

అది చురుగ్గా ఉండేది తెల్లవారుజామున, మునిమాపు వేళ. పగలంతా కునికి, చీకటి పడబోతుండగా లేచి గాల్లోకి ఎగిరి ఒళ్ళు మెలితిప్పుతుంది. పెంచేవాళ్ళు ఆ గెంతును ‘బింకీ’ అంటారు. మరి పెరట్లో గడ్డి మీద వదిలేస్తే పోదా? దోమలు ముసిరేదీ సరిగ్గా ఆ వేళే. ఆస్ట్రేలియాలో కుందేలుకు దోమకాటు చిన్న విషయం కాదు. ఎందుకో తెలియాలంటే పాత కథలోకి వెళ్ళాలి.

మెల్‌బోర్న్ పడమటి పేటలు టార్నీట్, పాయింట్ కుక్‌లలో ఉండే తెలుగు కుటుంబాలు జీలాంగ్ దాటి ఇంకాస్త పడమటికి వెళ్తే వించెల్సీ అనే ఊరొస్తుంది. అక్కడి బార్వన్ పార్క్ ఎస్టేటు యజమాని థామస్ ఆస్టిన్ 1859లో వేట సరదాకు ఇంగ్లండు నుంచి సుమారు రెండు డజన్ల కుందేళ్ళు తెప్పించుకున్నాడు. యాభై ఏళ్ళలో వాటి సంతతి ఖండంలో చాలా భాగాన్ని ఆక్రమించింది. పశ్చిమ ఆస్ట్రేలియా 1901 నుంచి 1907 దాకా మూడు వేల కిలోమీటర్లకు పైగా కంచె వేసినా అవి ఆగలేదు. చివరికి 1950లో మిక్సోమా అనే వైరస్‌ను అడవి కుందేళ్ళ మీదికి వదిలారు. ముర్రే నదీ తీరంలో దోమలు దాన్ని మోసుకుపోయాయి. తొలి దెబ్బకు, సోకిన చోట నూటికి 99 చచ్చిపోయాయి. అదే సమయంలో అక్కడి మనుషుల్లో మెదడువాపు ప్రబలితే, కారణం ఈ వైరసేనని జనం భయపడ్డారు. అప్పుడు శాస్త్రవేత్తలు ఫ్రాంక్ ఫెన్నర్, మక్‌ఫర్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ ముగ్గురూ ఆ వైరస్‌ను తమ ఒంట్లోకే ఎక్కించుకుని, మనిషికి హాని లేదని చూపించారు. ఆ ధైర్యానికి నాకు గొప్ప గౌరవం.

అయితే ఆ వైరస్‌కు అడవి కుందేలూ ఇంటి కుందేలూ ఒకటే. దానితో వచ్చే మిక్సోమటోసిస్ జబ్బు సోకితే కనురెప్పలు వాచి మూసుకుపోతాయి, మర్మాంగాలు ఉబ్బుతాయి, ఇంటి కుందేలు బతకడం చాలా అరుదు. ఐరోపాలో దీనికి టీకా ఉంది, ఆస్ట్రేలియాలో వేయనివ్వరు. బతికున్న వైరస్‌తో చేసే టీకా అడవి కుందేళ్ళకు పాకి వాటికీ రక్షణ ఇస్తుందేమోనని ప్రభుత్వం భయం. పొలాలనూ స్థానిక మొక్కలనూ కాపాడాలన్న వాదనలో న్యాయముంది. కానీ దాని మూల్యం ఇంటి కుందేలు చెల్లిస్తోంది, నాకది బాధే.

రెండో శత్రువు కాలిసీవైరస్. 1995లో వార్డాంగ్ దీవిలోని పరీక్షా కేంద్రం నుంచి తప్పించుకుంది. మరుసటి ఏడాది ప్రభుత్వమే దాన్ని అడవి కుందేళ్ళ మీదికి వదిలింది, 2017లో ఇంకో రకాన్నీ వదిలింది. ఈగలు మోస్తాయి, చెప్పులకంటుకుని ఇంట్లోకీ వస్తుంది. దీనికి మాత్రం టీకా ఉంది. కొత్త కుందేలును వెట్‌కు చూపించి షెడ్యూలు రాయించుకోవడం మొదటి పని.

కాబట్టి ఆట ఇంట్లోనే, కిటికీలకు సన్నని దోమ జాలీ వేసిన గదిలో. వచ్చిన మొదటి కొద్ది రోజులు బోనుకు అలవాటు పడనిచ్చి, తర్వాత మడత కంచెతో చిన్న జాగా కేటాయించండి. పాదాలు తిరగేసి చూస్తే కుక్కకూ పిల్లికీ ఉండే మెత్తటి తోలు దిండ్లు కుందేలుకు కనబడవు, దట్టమైన బొచ్చే ఉంటుంది. నున్నటి టైల్స్ మీద అది జర్రున జారి, కాళ్ళు పక్కలకు పోయి, భయంతో మూల చేరుతుంది. చాపో, పాత జంపఖానో పరిస్తే అదే కుందేలు దూకుతుంది. ముందు పళ్ళు వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు పెరుగుతాయి. పైగా బొరియ తవ్వేటప్పుడు అడ్డొచ్చిన చెట్ల వేళ్ళను కొరికి దారి చేసుకునే జాతి. ఫోను ఛార్జరు వైరు దాని కంటికి మరో వేరు. వైర్లను పైకి కట్టండి, లేదా గట్టి ప్లాస్టిక్ గొట్టంలో దూర్చండి. రిక్లైనర్ సోఫా ఉన్న గది అసలే వద్దు, కింద దూరితే నలిగిపోతుంది. గన్నేరు, లిల్లీ కుండీలు తీసేయండి. వేసవిలో 30 డిగ్రీలు దాటితే ఆట మానిపించండి; దానికి చెమట పట్టదు, వేడి పోయేది ఎక్కువగా చెవుల్లోంచే.

ఇక మీ వంతు నేల మీద కూర్చోవడం. పైనుంచి చేయి వస్తే దానికి గద్దే గుర్తొస్తుంది. వెంటపడకుండా, ఎత్తకుండా, చేతిలో కొత్తిమీర రెమ్మ పట్టుకుని ఊరికే ఉండండి. ముందు దూరంగా మెడ చాపి వాసన చూస్తుంది, వెనక కాలు నేలకేసి కొడితే భయపడిందని అర్థం. పిల్లలకు ఇది చూడటం నేర్పితే చాలు, ఒళ్ళో పెట్టుకోనక్కర్లేదు. తిరిగి బోనులోకి పంపడానికీ ఆ రెమ్మే పనికొస్తుంది.

ఆట అయ్యాక ఎండుగడ్డి తింటోందో లేదో, పెంటికలు పడుతున్నాయో లేదో చూడండి. అర పూట మేత ముట్టకపోతే పేగులు ఆగిపోయే ప్రమాదముంది. తెల్లారేదాకా ఆగకుండా, కుందేళ్ళను చూసే వెట్ దగ్గరికి ఆ రాత్రే తీసుకెళ్ళండి.