చప్పుడు విన్నాం... చూసిందెవరు?

శంషాబాద్‌లో ఫ్లాట్ అద్దెకు తీసుకుని ఎయిర్‌పోర్టులో షిఫ్టులు చేసే జంటా మీరు? అయితే ఇది మీకు కొత్త కాదు. 2008 మార్చిలో మొదలైన ఈ విమానాశ్రయానికి రాత్రీ పగలూ తేడా లేదు. ఒకరు కార్గోలో నైట్ డ్యూటీ దిగేసరికి, ఇంకొకరు చెక్-ఇన్ కౌంటర్‌కి బయల్దేరాలి. మాటలు తక్కువ, 'లాస్ట్ సీన్' చూసుకోవడం ఎక్కువ. రాత్రి రెండింటికి ఆన్‌లైన్‌లో ఎందుకున్నట్టు? జవాబు దొరక్కపోతే మనసే ఓ కథ అల్లేస్తుంది. అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

ఫ్రెంచ్ దర్శకురాలు జస్టిన్ ట్రియే తీసిన 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' నడిచేదే ఇలా. 2023లో కాన్స్‌లో పామ్ డోర్, మరుసటి ఏడాది స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ గెలుచుకుంది. ఇక్కణ్నుంచి కథ చెప్పేస్తున్నాం. చూశాకే చదువుతామంటే ఆగిపోండి.

మంచుకొండల్లో ఇల్లు. భర్త పైనుంచి పడి చనిపోతాడు. భార్యే తోసిందా, తనే దూకాడా? ముందురోజు వాళ్లు పడ్డ గొడవను భర్త రహస్యంగా రికార్డు చేశాడు. కోర్టులో అది వినిపిస్తుంటే మనకు తెర మీద గొడవ కనిపిస్తుంది. సరిగ్గా చేయి చేసుకునే దగ్గర బొమ్మ పోతుంది, కోర్టు హాలు వస్తుంది. మిగిలేది చప్పుడే. ఎవరు ఎవర్ని కొట్టారో మనం చూడలేదు. కానీ చాలామంది చూశామనే అనుకుంటారు!

చూపు సరిగా లేని కొడుకు చివర్లో సాక్ష్యం చెప్పేటప్పుడూ అంతే. తెర మీద పెదాలు కదిలేది తండ్రివి, గొంతు మాత్రం పిల్లాడిది. అది జ్ఞాపకమా, కల్పనా? కోర్టు ఆమెను నిర్దోషి అంటుంది, సినిమా మాత్రం ఏమీ తేల్చదు.

మనకిది కాస్త ఇబ్బందే. కె.బాలచందర్ 'ఇది కథ కాదు' (1979)లో అనుమానపు మొగుడిగా చిరంజీవిని చూస్తే తప్పెవరిదో వెతుక్కోనక్కర్లేదు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు.

మరెలా చూడాలి? మీ టెర్మినల్‌లోని ఎక్స్‌రే స్క్రీన్‌నే గుర్తు తెచ్చుకోండి. లోహమైతే నీలం, సేంద్రియ పదార్థమైతే నారింజ. అమ్మ పెట్టిన ఆవకాయా నారింజే, ప్రమాదకరమైన పొడీ నారింజే కావచ్చు. రంగు చూసి ఎవరినీ దొంగని చేయరు. బ్యాగ్ పక్కకు తీసి, యజమానిని పిలిచి, ఎదురుగానే తెరుస్తారు. ఆ గొడవ రికార్డింగూ ఓ ఎక్స్‌రే బొమ్మే. అబద్ధం కాదు, అలాగని ఆ కాపురమంతా అందులో లేదు.

ఇద్దరికీ ఒకేరోజు వీక్లీ ఆఫ్ దొరికితే కలిసి చూడండి. గొడవ సీన్ అవగానే ఆపి, కళ్లతో చూసింది ఓ పక్క, మీరు ఊహించుకుంది ఇంకో పక్క రాయండి. తర్వాత కాగితాలు మార్చుకోండి.