కొబ్బరి నీడలో పిల్లల కూరగాయల తోట: మలికిపురం వైపు ఎలా మొదలుపెట్టాలి, వేసవిలో ఎలా నిలబెట్టుకోవాలి

మలికిపురం, రాజోలు, సఖినేటిపల్లి మండలాల్లో కొబ్బరి చెట్టు లేని పెరడు అరుదు. ఆ చెట్ల కింద నేల మాత్రం చాలా చోట్ల ఖాళీగానే ఉంటుంది. కూరగాయలు సంతలోనో, వీధిలోకి వచ్చే బండి మీదో కొంటాం. కొత్తిమీర కట్ట కూడా బయటి ఊరి నుంచే రావాలి. ఇంట్లో హైస్కూలు చదివే పిల్లలు ఉన్నా, వాళ్లలో నారు పోయడం, పాదు పెట్టడం వచ్చినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు.

ఊళ్లో పదిహేను ఇరవై మంది పిల్లలు, యువకులు కలిసి రెండు సెంట్లలో కూరగాయలు, ఆకుకూరలు, మందు మొక్కలు పెంచి పంచుకునే సంఘం పెట్టుకోవచ్చు. ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. పెద్దలుగా మీరు ఇవ్వాల్సింది కాస్త నేల, కాస్త నీళ్లు, మీకు తెలిసిన పని.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 1902లో ఎ.బి. గ్రాహం అనే బడి అధికారి పిల్లలతో వ్యవసాయ సంఘం మొదలుపెట్టారు. 1910లో సౌత్ కరొలినాలో మేరీ క్రోమర్ అనే పంతులమ్మ ఆడపిల్లలతో టమాట సంఘం పెట్టించారు. ఒక్కో అమ్మాయికి ఎకరంలో పదో వంతు, అంటే మన లెక్కలో పది సెంట్లు. టమాట పండించడం, డబ్బాల్లో నిల్వ చేయడం, ఖర్చు రాబడి పుస్తకంలో రాయడం అంతా వాళ్లే చేసేవారు. తర్వాత ఈ సంఘాలే ఫోర్-హెచ్ అనే పెద్ద ఉద్యమమయ్యాయి. కొత్త పద్ధతి చెబితే వినని రైతులు, తమ పిల్లల మడిలో పంట చూశాక విన్నారన్నది అక్కడివాళ్లు చెప్పుకునే మాట. మన దగ్గర కూడా కేంద్ర ప్రభుత్వం 2019లో బడుల్లో పోషక తోటలు పెంచడానికి మార్గదర్శకాలు ఇచ్చింది. నేల లేని బడులు కుండీల్లో, డాబా మీద పెంచుకోవచ్చని కూడా అందులో ఉంది.

కోనసీమవాళ్లకు పంచిపెట్టడం గురించి వేరే చెప్పక్కర్లేదు. గన్నవరం లంకలో ఆకలితో వచ్చినవారికి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరే 2024 నుంచి మన రాష్ట్రంలో బడి భోజన పథకానికి ఉంది.

నేల ఎంచుకునేటప్పుడు

రెండు సెంట్లు అంటే సుమారు 870 చదరపు అడుగులు. నాలుగడుగుల వెడల్పు, పదడుగుల పొడవు మడులు, మధ్య దారులు వదిలి, సెంటుకు ఆరు చొప్పున పన్నెండు వస్తాయి. చిన్న పిల్లలుంటే వెడల్పు మూడడుగులకు తగ్గించండి. మడిలోకి దిగకుండా రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి. వానలకు నీరు నిలిచే ఊళ్లు కాబట్టి మడి అడుగు ఎత్తున లేపి, నీరు బోదెలోకి పోయేలా దారి తీయాలి.

కొబ్బరి తోటలో అయితే చెట్ల వయసు చూడండి. ఎనిమిదేళ్ల లోపు తోటలో వెలుతురు బాగా పడుతుంది. ఆ తర్వాత ఇరవై ఐదేళ్ల దాకా నీడ ఎక్కువ. ముదురు తోటలో మళ్లీ ఎండ దిగుతుంది. చెట్టు మొదలు చుట్టూ ఆరడుగుల మేర పాదు వదిలేయాలి. కొబ్బరి వేర్లు ఎక్కువగా ఉండేది అక్కడే.

నీడ ఎక్కువైన చోట బెండ, టమాట వేసి పిల్లల్ని నిరుత్సాహపరచకండి. అక్కడ కంద, చేమ, పసుపు, అల్లం, బచ్చలి వేయించండి. కంద బచ్చలి కూర మన గోదావరి జిల్లాల ఇళ్లది. ఆ రెండూ కొబ్బరి నీడను తట్టుకునేవే. నన్నడిగితే సంఘం మొదటి పంట అదే కావాలి. బచ్చలి తీగ ముక్క గుచ్చితే నెలా నెలన్నరలో కోతకొస్తుంది. కందకు ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. ఒకటి తొందర, ఒకటి ఓపిక, పిల్లలకు రెండూ తెలుస్తాయి.

ఎండ తగిలే చోట తోటకూర, గోంగూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, బెండ, వంగ, గోరుచిక్కుడు వేసుకోవచ్చు. ఆనప, బీర, పొట్ల, కాకర పందిరి మడులకు ఉత్తరం పక్కన వేయండి. లేకపోతే చలికాలంలో పందిరి నీడ మడుల మీద పడుతుంది. మందు మొక్కల్లో తులసి, వాము ఆకు, పుదీన, నిమ్మగడ్డి, కలబంద, కరివేపాకు చాలు.

ఉప్పు నీటి సంగతి ముందే చూసుకోండి

సముద్రం దగ్గర ఊళ్లలో వేసవిలో బోరు నీళ్లు ఉప్పెక్కుతాయి. పక్కన ఉప్పునీటి చెరువులుంటే నేల కూడా చవుడు తిరుగుతుంది. మొదలుపెట్టే ముందే నీటి నమూనా, మట్టి నమూనా పరీక్షకు ఇవ్వండి. ఎలా తీయాలో, ఎక్కడికి పంపాలో మీ రైతు సేవా కేంద్రంలో ఉద్యాన సహాయకుణ్ని అడగండి. నీటి పరీక్షలో ఈసీ 0.7 డెసీసీమెన్స్ లోపు ఉంటే ఏ కూరగాయకైనా వాడుకోవచ్చు. 3 దాటితే కూరగాయలకు ఆ నీరు మానేయడమే మంచిది. మధ్యలో ఉంటే పాలకూర, గోరుచిక్కుడు లాంటివి తట్టుకుంటాయి. ఉల్లి, ముల్లంగి, బీన్స్ తట్టుకోలేవు. అలాంటి నీటిని ఆకుల మీద చల్లకుండా మొదట్లో పోయాలి.

కొబ్బరి పొట్టు మన దగ్గర దండిగా దొరుకుతుంది కదా అని పచ్చిది తెచ్చి మడిలో కలపకండి. అందులో ఉప్పు ఉంటుంది, పైగా అది కుళ్లేటప్పుడు నేలలో నత్రజనిని లాగేసుకుని మొక్క పసుపు రంగుకు తిరుగుతుంది. మంచి నీటితో రెండు మూడు సార్లు కడిగి, పేడతో కలిపి బాగా మాగనిచ్చి, నల్లగా మారాక వాడాలి. డొక్కలు, ఎండు కమ్మలు మాత్రం దారుల్లో పరిచితే తడి నిలుస్తుంది.

బడి సెలవులూ, కాలువల కట్టివేతా

పిల్లల తోటలు ఎక్కువగా ఎండిపోయేది పురుగు వల్ల కాదు. వేసవి సెలవులు, కాలువల కట్టివేత ఒకేసారి వస్తాయి. ఏప్రిల్ చివర బడి మూస్తారు, పిల్లలు అమ్మమ్మ గారిళ్లకు వెళ్తారు, కాలువలో నీళ్లుండవు. జూన్‌లో తిరిగి వచ్చేసరికి మడుల్లో గడ్డి తప్ప ఏమీ ఉండదు. అప్పుడు మళ్లీ మొదలుపెట్టే ఉత్సాహం ఎవరికీ ఉండదు. అందుకే తోట క్యాలెండరును బడి క్యాలెండరుతో కలిపి వేసుకోవాలి.

జూన్ మధ్యలో బడి తెరిచాక మడులు కట్టండి. మొదటి వానలకు తోటకూర, గోంగూర, బెండ విత్తండి. తోటకూర విత్తనం చాలా సన్నం, ఇసుకలో కలిపి చల్లాలి. మడికి రెండు మూడు గ్రాములు మించక్కర్లేదు. పాతిక ముప్పై రోజులకు పీకొచ్చు. ఆగస్టు 15 జెండా పండుగకు బడి వంటలో పిల్లల తోటకూర పప్పు ఉండేలా చూసుకోవచ్చు. తీగ పాదులు కూడా ఈ కాలంలోనే పెట్టాలి. చిక్కుడు పాదు జూలైలో పెట్టినా పూత చలి మొదలయ్యాకే వస్తుంది. తీగ పెరుగుతోంది కాయ రావట్లేదని పిల్లలు పీకేయకుండా ఈ సంగతి ముందే చెప్పండి.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1996 నవంబరు 6 తుపాను చూసిన పెద్దలకు వేరే చెప్పక్కర్లేదు. ఈ రెండు నెలల్లో కొత్త నాట్లు పెట్టకుండా టమాట, వంగ, మిరప నారును గోడ వారగా ట్రేలలో పెంచి, నవంబరు రెండో పక్షంలో నాటుకోండి. కొత్తిమీర, మెంతి కూడా అప్పుడే. సంక్రాంతి సెలవులకు కోత బాగా ఉంటుంది, ఊరికి చుట్టాలు కూడా వస్తారు కాబట్టి పంచడానికి అదే సరైన సమయం.

ఫిబ్రవరి నుంచి పరీక్షల ఒత్తిడి. పని తగ్గించండి. మార్చిలో కొత్త విత్తనం వేయవద్దు. ఉన్న వాటిలో మంచి కాయలు విత్తనానికి వదలండి.

ఏప్రిల్‌లో తోటను ఇళ్లకు పంచేయాలి. ప్రతి పిల్ల, పిల్లవాడు రెండు కుండీలు ఇంటికి తీసుకెళ్తారు. ఒకరికి పుదీన, ఒకరికి పొన్నగంటి, ఒకరికి వాము ఆకు, ఒకరికి నిమ్మగడ్డి దుబ్బు. ఒక్కో రకం కనీసం ముగ్గురి ఇళ్లలో ఉండాలి. రోజుకో చెంబు నీళ్లు, బియ్యం కడిగినవైనా చాలు. సబ్బు నీళ్లు మాత్రం వద్దు. ఊరెళ్లేవాళ్లు పక్కింటి అత్తకో పిన్నికో అప్పజెప్పి వెళ్లాలి. మడుల మీద కమ్మలు కప్పేయండి. కంద దుంపలు వేసవి చివర నాటి పైన ఆకులు, చెత్త మందంగా కప్పితే, కొద్ది తడితోనే ఉండి తొలకరికి మొలుస్తాయి.

ఎరువు, పురుగు

పదిసెంట్ల దాకా సరిపోయే జీవామృతం ఒక పెద్ద బకెట్టులో చేసుకోవచ్చు. కిలో ఆవు పేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి, 20 లీటర్ల నీళ్లు. నీడలో 48 గంటలు ఉంచి రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. వారం లోపు వాడేయాలి. సెంటుకు రెండు లీటర్లు, నీటిలో కలిపి నేలలో పోయాలి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన ఆకుల మీద దీన్ని చల్లించకండి. పేడ పని చేశాక పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఇది పెద్దలు దగ్గరుండి చూడాల్సిన పని.

బెండకు పల్లాకు తెగులు వస్తే ఆ మొక్కను మందుతో బాగుచేయలేం. కనబడగానే పీకి దూరంగా పూడ్చండి, తెల్లదోమకు పసుపు రంగు జిగురు అట్టలు పెట్టండి.

కొబ్బరి కింద ఆకుకూరల మీద నల్లటి మసి పట్టిందంటే తల ఎత్తి పైకి చూడండి. కొబ్బరి ఆకుల అడుగున సర్పిలాకార తెల్లదోమ వదిలే తేనె లాంటి జిగట కింద పడి, దాని మీద మసి బూజు పెరుగుతుంది. తోటకూర మీద మందు కొట్టి లాభం లేదు. కొబ్బరికి ఇష్టమొచ్చిన పురుగుమందు కొడితే, ఆ దోమను తినే ఎన్‌కార్సియా లాంటి మిత్ర పురుగులు కూడా చస్తాయి. జీవ నియంత్రణకు ఏం వాడాలో అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో అడగండి. ఆకులు నీటితో కడిగితే మసి పోతుంది. దట్టంగా ఉంటే ఆ మడిని వెలుతురు ఉన్న చోటికి మార్చండి. పిల్లల తోటలో పురుగుమందు డబ్బా అన్నదే కనబడకూడదని నా అభిప్రాయం. పంట కొంత పోతే పోనీయండి.

పంచుకోవడం

గొడవలు వచ్చేది ఇక్కడే. ఎవరు ఎక్కువ పని చేశారు, ఎవరు ఎక్కువ పట్టుకెళ్లారు అన్న మాట ఒకసారి వస్తే సంఘం నిలవదు. ఒక తూకం, ఒక నోటుబుక్కు పెట్టండి. కోసిన ప్రతిసారీ తేదీ, ఏ కూర, ఎంత తూగింది, ఎవరింటికి వెళ్లింది, ఇవి నాలుగే రాయాలి. పిల్లలే రాయాలి. ఏడాది చివర ఏ మడి ఎంత ఇచ్చిందో దానిలోనే తెలుస్తుంది.

కోతలో సగం పని చేసిన పిల్లల ఇళ్లకు, మిగిలినది అంగన్‌వాడీకి, బడి వంటకు, పెరడు లేని ఇళ్లకు, ఒంటరిగా ఉండే ముసలివాళ్లకు ఇవ్వడం బాగుంటుంది. మన రాష్ట్రంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పది మంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తహీనత ఉంది. అందుకే ఆకుకూర ముందు గర్భిణులున్న ఇంటికి వెళ్లాలి. మొదటి ఏడాది అమ్మకం పెట్టుకోకండి. డబ్బు వస్తే లెక్క పెద్దల చేతికి వస్తుంది, పిల్లలు కూలీలవుతారు.

ఆనపకాయ పంచేముందు చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడాలి. చేదుగా ఉంటే ఉమ్మేసి, కాయ పారేయాలి. ఉడికించినా ఆ విషం పోదు, తాగినా తిన్నా ప్రాణం మీదికి రావచ్చు. బీర, దోస కాయలకూ ఇదే జాగ్రత్త.

విత్తనం పంచుకునేటప్పుడు హైబ్రిడ్ కాయల విత్తనం దాచవద్దు, మరుసటి ఏడు అదే కాయ రాదు. నాటు రకాలే దాచాలి. చిక్కుడు, టమాట తమ పుప్పొడితోనే కాయ పట్టేవి కాబట్టి పిల్లలు వాటితో మొదలుపెట్టడం తేలిక. ఆనప, బీర అలా కాదు, తేనెటీగలు పక్క పెరట్లో పుప్పొడి తెచ్చి కలిపేస్తాయి. ఒక పెరట్లో ఒక రకమే ఉంచి, దూరంగా ఉన్న పెరటిలో ఇంకో రకం పెట్టాలి. ఆరబెట్టిన విత్తనాన్ని బూడిదతో కలిపి సీసాలో పోసి, మూత మీద పేరు, నెల, ఎవరింటి పాదో రాయించండి.

జూన్‌లో బడి తెరిచిన వారం, కుండీలు తీసుకెళ్లిన ప్రతి ఒక్కరూ ఒక కొమ్మో, పిలకో తిరిగి తేవాలి. మొక్క చనిపోయినవాళ్లను ఏమీ అనవద్దు. అదే రకం ఇంకో ఇద్దరి దగ్గర ఉంటుంది, వాళ్ల దగ్గర ముక్క తీసుకుని మళ్లీ గుచ్చితే సరిపోతుంది.