మందు డబ్బా ఎక్కడుంది? జీడిమెట్ల లెక్క మన కొట్టానికీ కావాలి

హైదరాబాదు శివారులోని జీడిమెట్ల పారిశ్రామికవాడకు పల్లెల నుంచి పనికి పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. అక్కడ మందుల కంపెనీలు, రసాయనాల షెడ్లు, ఇంజినీరింగు షెడ్లు పక్కపక్కనే ఉంటాయి. ఇలాంటి పారిశ్రామికవాడల్లో ఇప్పుడు చాలా కంపెనీలు భద్రత లెక్కలను రిజిస్టర్లలో కాక కంప్యూటర్లో రాసుకుంటున్నాయి. ఆ లెక్కలో ముందు రాసేది ప్రమాదాల జాబితా కాదు, చోట్ల జాబితా. సన్న, చిన్నకారు రైతుకు కంప్యూటరు లేకపోయినా ఆ పద్ధతి మాత్రం బాగా పనికొస్తుంది. అదెలాగో చూద్దాం.

చోటుకో పేరు

కర్మాగారాన్ని కంప్యూటర్లో ఒక చెట్టులాగా వేస్తారు. మొదలు ఆవరణ. దాని కొమ్మలు బ్లాకులు. బ్లాకులో అంతస్తులు, అంతస్తులో గదులు. ప్రతి చోటుకూ ఒకటే పేరు, ఒకటే నంబరు. గోడమీద ఏ పేరుంటే కంప్యూటర్లోనూ అదే ఉండాలి. ఒకరు 'పాత గోదాము' అని, ఇంకొకరు 'వెనక షెడ్డు' అని పిలుస్తుంటే ఫిర్యాదు ఒకచోటికి, మరమ్మతు మరోచోటికి పోతుంది.

పేరు పెట్టాక దానికింద నాలుగు సంగతులు రాస్తారు. అక్కడ ఏ సరుకు ఎంత ఉంది? దానివల్ల ముప్పేమిటి? బాధ్యత ఎవరిది? కిందటిసారి ఎప్పుడు చూశారు? బ్లాకు మొత్తంలో నిప్పు కూడదని రాస్తే అందులోని గదులన్నిటికీ అది వర్తిస్తుంది.

విడగొట్టటంలో రెండు జాగ్రత్తలున్నాయి. శాఖల పేర్లతో విడగొడితే లాభం లేదు. శాఖలు, మేనేజర్లు మారుతుంటారు, గది మాత్రం అక్కడే ఉంటుంది. అలాగని ప్రతి బల్లకూ నంబరు పెడితే నాలుగు రోజుల్లో రాసేవాడు విసుగెత్తి మానేస్తాడు. ముప్పు ఎక్కడ మారుతుందో అక్కడ గీత గియ్యాలి. అసలు కిటుకు ఇదే.

లెక్క సరిగా లేకపోతే

2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని ఒక మందుల పరిశ్రమలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. కొందరిని డీఎన్‌ఏ పరీక్షలతోగాని గుర్తుపట్టలేకపోయారు. ఎవరు ఏమయ్యారో తెలియక కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి. ఏ షెడ్డులో ఎవరున్నారు, ఏ సరుకుంది అన్న లెక్క బయట ఉండేవాళ్ల చేతిలో కూడా ఎందుకుండాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

1984 డిసెంబరు భోపాల్ విషవాయువు దుర్ఘటన తరువాత 1987లో కర్మాగారాల చట్టాన్ని సవరించారు. ప్రమాదకరమైన సరుకు వాడే యజమాని దాని ముప్పును కార్మికులకూ, చుట్టుపక్కల వారికీ తెలపాలన్నది ఆ సవరణతోనే వచ్చింది.

మన పొలానికి కర్మాగారాల చట్టాలు వర్తించవు, ఏ ఇన్‌స్పెక్టరూ రాడు. అయినా గనులు, భవన నిర్మాణంతోపాటు వ్యవసాయం కూడా అత్యంత ప్రమాదకరమైన మూడు పనుల్లో ఒకటని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతోంది. కాబట్టి యజమాని, కూలీ, ఇన్‌స్పెక్టరు అన్నీ రైతే కావాలి.

మన పొలంలో ఎన్ని చోట్లు?

రెండెకరాల రైతుకైనా అయిదారు చోట్లు తేలతాయి. మోటారు దగ్గర కరెంటు ముప్పు. పాడుబడ్డ బావిలో గాలి చెడిపోయే ముప్పు. అందులోకి దీపం దించితే ఆరలేదు కదా అని నమ్మి దిగకూడదు, కొన్ని విషవాయువులున్నా దీపం వెలుగుతూనే ఉంటుంది. గడ్డివాము దగ్గర నిప్పు. కల్లంలో యంత్రం బెల్టులు, చక్రాలు. ధాన్యం నిలవచేసే చోట అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు పెడితే తేమ తగిలి విషవాయువు పుడుతుంది. మనుషులు పడుకునే ఇంట్లో ఆ బిళ్లలు ససేమిరా పెట్టకూడదు. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది పురుగుమందులు దాచే చోటు.

మందుల చోటు ఇలా ఉండాలి

వేరే గది లేనివారు తాళంపడే ఇనప పెట్టె ఒకటి పెట్టుకున్నా చాలు. వంటచోటు, పడకచోటు, పశువుల దాణా, విత్తనాలు, బావి, వీటన్నిటికీ దూరంగా పెట్టాలి. తాళంచెవి పిల్లలకు అందకూడదు.

పెట్టె లోపల కూడా ముప్పు మారినచోట గీత గియ్యండి. పొడిమందులు పై అరలో, ద్రవమందులు కింది అరలో ఉంచాలి. అప్పుడు సీసా కారినా పొడిమీద పడదు. కలుపుమందులను పురుగుమందులతో కలిపి పెట్టవద్దు. 2,4-డి వంటి కలుపుమందు కొంచెం తగిలినా పత్తి ఆకులు ముడుచుకుపోతాయి. అందుకే దాన్ని కొట్టిన పంపును పత్తికి వాడకూడదు.

డబ్బామీది ముక్కోణం గుర్తు రంగు చూడండి. ఎరుపు అన్నిటికంటె ఎక్కువ విషం. తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ వరుసగా తగ్గుతూ వస్తాయి. ఆకుపచ్చ అంటే విషం కాదని మాత్రం అనుకోవద్దు. కూల్‌డ్రింకు సీసాలోకి, నూనె డబ్బాలోకి మందు వంపటం ప్రాణం తీసే అలవాటు. దాహమేసిన పిల్లవాడు సీసాను చూస్తాడుగాని లోపలున్నది చూడడు. ఖాళీ డబ్బాలను మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు పంపులోనే పోసి, డబ్బాకు చిల్లుపెట్టాలి.

పుస్తకంలో రాసే తీరు

ఒక నోటుపుస్తకం చాలు. చోటుకు ఒక పేజీ కేటాయించండి. ఉదాహరణకు:

చోటు నంబరు 3: మందుల పెట్టె, కొట్టం వెనక.
సరుకు: ఏ మందు, ఎంత, కొన్న తేదీ, గడువు తేదీ.
ముప్పు: విషం, ముక్కోణం రంగు.
బాధ్యత: తాళంచెవి ఎవరి దగ్గర.
చూసిన తేదీ: నెలకొకసారి.

అదే నంబరు పెట్టెమీద రంగుతో రాయండి. గడువు తీరిన మందు పేజీ తిప్పగానే తెలుస్తుంది, ఉన్న మందునే మళ్లీ కొనే ఖర్చూ తప్పుతుంది. పెట్టెను వేరేచోటికి మారిస్తే పాత రాతను కొట్టెయ్యకుండా, మార్చిన తేదీ వెయ్యండి. మందులు కారిన నేల ఎక్కడో ముందుముందు తెలియటం అవసరం.

ఈ పుస్తకం సంగతి ఇంట్లో ఇంకొకరికి తప్పక తెలియాలి. మందు కొట్టేటప్పుడు రైతే కళ్లు తిరిగి పడిపోతే, 108కి ఫోను చేసేదీ, ఆసుపత్రికి తీసుకుపోయేదీ ఇంట్లోవాళ్లే. అక్కడ డాక్టరు మొదట అడిగేది ఏ మందు అనే. మందును బట్టి విరుగుడు మారుతుంది, కొన్ని మందులకు అసలు విరుగుడే లేదు. కాబట్టి లేబులున్న డబ్బాను వెంట తీసుకుపోవాలి. ఫోనులో లేబులు ఫొటో ఉన్నా మంచిదే. బట్టలు విప్పి ఒంటిని సబ్బుతో కడగాలి. సొంతంగా వాంతి చేయించవద్దు.

ఈసారి మందులు కొనకముందే పాతవన్నీ బయటికి తీసి లెక్క చూడండి. పుస్తకం మొదటి పేజీ ఇంటి ఇల్లాలి చేత గాని, చదువుకునే పిల్లల చేత గాని రాయించండి. ఏ చోట ఏముందో దాంతో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.