లక్కలో నిలిచిన గొంతులు

నెల్లూరు జిల్లాలోని తోటపల్లి గూడూరు వంటి తీరగ్రామాలలో ఉప్పుగాలి ఏమి చేయగలదో ఎవరికీ చెప్పనక్కరలేదు. గొళ్లేనికి తుప్పు, పుస్తకానికి బూజు అందరూ ఎరిగినవే. కాని అటకమీద పడివున్న పాత గ్రామఫోను ప్లేట్లను గూర్చి ఆలోచించేవారు అరుదు. మోగించే పెట్టె లేదుగనుక ప్లేటు దండుగ అనుకొని, పాతసామానులవానికి ఇచ్చివేయుట పరిపాటి అయినది. ఆ ప్లేటుతో పోయేది ఒక వస్తువు మాత్రమే కాదు. ఒక మనిషి గొంతు.

ప్లేటుకు ప్రాణమైన లక్క మన దేశపు పంట. లక్కయింటి కథ చదివిన విద్యార్థికి అది కొత్త కాదు. చెట్లకొమ్మలపై చిరుపురుగులు స్రవించే ఆ జిగురుకు రాతిపొడి, దీపపు మసి, దూదిపీచు కలిపి, కాచి, అచ్చుల నడుమ నొక్కేవారు. 1902లో గైస్‌బర్గ్ అనే నిపుణుడు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ పాటలను ముద్రించినాడు. ఆ మైనపు పలకలు జర్మనీలోని హనోవరుకు వెళ్లి, ప్లేట్లుగా తిరిగి రావలసివచ్చేది. అక్కడి పనివారు గుర్తుపట్టుటకై ఆమె పాట చివర తన పేరు తానే చెప్పేది. 1908లో కలకత్తాలోనే కర్మాగారం వెలసినది.

తెలుగు నాటకరంగానికి ఈ ప్లేటు చేసిన మేలు సామాన్యమైనది కాదు. తెలుగు టాకీ వచ్చినది 1932లో. మదరాసు రేడియో కేంద్రం ఆరంభమైనది 1938లో. అంతకుముందటి నటగాయకుల కంఠం నిలుపుకొనుటకు లక్కప్లేటే ఆధారం. కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు, శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా వెలుగొందిన స్థానం నరసింహారావు పాటలు దానిద్వారానే ఊరూరికీ చేరినవి. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాలే నడుస్తుంది. రంగస్థలంమీద తెల్లవారేవరకు సాగిన రాగం ఆ మూడు నిమిషాలలో ఇమడవలెను. ఏది విడిచినారు, ఏది నిలిపినారు అని వినుట విద్యార్థికి మంచి పాఠం. తరువాత టంగుటూరి సూర్యకుమారి, రావు బాలసరస్వతీదేవి, ఘంటసాల పాటలకు కూడ ఈ ప్లేటే వాహకమైనది. 1970 ప్రాంతానికి మన దేశంలో దీని కాలం ముగిసినది.

సేకరణకు ముందు రక్షణ నేర్వవలెను. ప్లేట్లను దొంతరగా పేర్చరాదు. పుస్తకాలవలె నిలువుగా నిలుపవలెను. ఎండ తగిలితే వంగును. తేమ సోకితే బూజు పట్టును. మెత్తని కుంచెతో దుమ్ము తీసి, పేరుచీటీ తడవకుండ చల్లని నీటితో తుడిచి, వెంటనే ఆరబెట్టవలెను. స్పిరిటు మాత్రం తగులనీయరాదు. వడ్రంగి లక్కను స్పిరిటులోనే కరగించి కుర్చీకి మెరుగుపెట్టును. ప్లేటుకైనా అదే గతి. పాత పెట్టెలో ఉక్కుముల్లు బరువు గాడిని అరగదీయును. అరుదైన ప్లేటును తేలికైన చేయి, తగిన ముల్లు గల నేటి యంత్రంపై ఒకసారి మోగించి, కంప్యూటరులోనికి ఎక్కించుట మేలు.

ఇంత పని ఒక్కరివల్ల కాదనవచ్చును. మదరాసులో వి.ఎ.కె. రంగారావు ఒక్కరే వేలకొలది ప్లేట్లు కూడబెట్టినారు. 1990లో బొంబాయిలో ఏర్పడిన భారతీయ రికార్డు సేకర్తల సంఘం ఇటువంటివారిని కలిపినది. పాఠశాల చేయగలిగినది ఇంకను సులభం: ఒక నోటుపుస్తకం. ఊరిలో ఎవరింట ఏ ప్లేటు ఉన్నది, పాడినవారెవరు, కంపెనీ ఏది, చీటీమీద సంఖ్య ఏది, చీటీ పక్కన నల్లని భాగంలో అచ్చుపడిన సంఖ్య ఏది అని విద్యార్థులు వ్రాసికొనవచ్చును. ప్లేటు యజమాని వద్దనే ఉండనీయుడు. అది ఉన్నదని తెలియుటే మొదటి రక్షణ.

తాళపత్రం చెదలపాలు కాకుండ ఒకనాటి పండితులు మరల వ్రాసికొన్నారు. వ్రాయుటకు వీలులేనిది గొంతు. అది ఉన్నచోటనే కాపాడవలెను. ఆలస్యమైతే కాపాడుటకు ఏమియు మిగులదు.