ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్

ప్రభుత్వ డిగ్రీ కళాశాల ప్రిన్సిపాల్ ఆంధ్ర ప్రదేశ్ కళాశాల విద్యాశాఖకు చెందిన ఒక పదవి. శ్రీకాకుళం జిల్లా టెక్కలిలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాల వంటి సంస్థలకు బోధనలోను, పాలనలోను అధిపతి ప్రిన్సిపాలే. జూనియర్ కళాశాల ప్రిన్సిపాల్ పదవి వేరు. అది ఇంటర్మీడియట్ విద్యాశాఖ పరిధిలోనిది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం విద్యార్థులలో తరచుగా కనిపించే పొరపాటు.

ప్రవేశం

ఈ పదవికి నేరుగా చేరే దారి దాదాపు లేదు. ముందుగా లెక్చరర్ కావాలి. అందుకు స్నాతకోత్తర పట్టాలో 55 శాతం మార్కులు (కొన్ని వర్గాలకు 50 శాతం), వాటితో పాటు నెట్ లేదా సెట్ ఉత్తీర్ణత లేక పిహెచ్.డి. అవసరం. నియామకాలను రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ జోన్ల వారీగా జరుపుతూ వచ్చింది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రింద శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాలు, తరువాత 1979లో ఏర్పడిన విజయనగరం ఒకటవ జోన్‌లో ఉండేవి. కనుక టెక్కలిలో చేరిన లెక్చరర్ బదిలీలు చాలావరకు ఉత్తరాంధ్రలోనే జరిగేవి.

పదోన్నతి

లెక్చరర్ల నుండి ప్రిన్సిపాళ్లను ప్రధానంగా జ్యేష్ఠతను బట్టి ఎంపిక చేస్తారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నిబంధనలు మాత్రం పిహెచ్.డి., 15 సంవత్సరాల బోధన లేక పరిశోధన అనుభవం, 10 పరిశోధన ప్రచురణలు కోరుతూ, పదవీకాలాన్ని 5 సంవత్సరాలుగా పేర్కొన్నాయి. జ్యేష్ఠత పద్ధతిలో చిక్కు ఏమంటే, వరుస వచ్చేసరికి ఉద్యోగి పదవీ విరమణకు చేరువవుతాడు. విరమణ వయస్సు 2014లో 58 నుండి 60కి, 2022లో 62కు పెరగడంతో కొంత వెసులుబాటు కలిగింది. ఇల్లు, పిల్లల చదువులు విశాఖపట్నంలో ఉన్నవారికి దూరపు కళాశాలకు పదోన్నతి భారమే. కొందరు దానిని వ్రాతపూర్వకంగా వదులుకుంటారు. అప్పుడు ఒక సీనియర్ లెక్చరర్ తన పాఠాలు చెప్పుకుంటూనే ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్‌గా కుర్చీలో కూర్చుంటాడు. పాఠాలకో, ఫైళ్లకో లోటు జరగక తప్పదు.

విధులు

జీతాల బిల్లులు ఖజానాకు పంపడం, ప్రవేశాలు, ఉపకార వేతనాల పత్రాలు, పరీక్షలు, 1994లో ఏర్పడిన న్యాక్ గుర్తింపుకై స్వీయ అధ్యయన నివేదిక ఇవన్నీ ప్రిన్సిపాల్ సంతకంతోనే కదులుతాయి. ముప్పై ఏళ్లు సాహిత్యమో రసాయన శాస్త్రమో బోధించిన వ్యక్తికి పద్దులు కొత్త. అందుకే పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే శాఖాపరమైన అకౌంట్స్ పరీక్షలను ముందుగానే వ్రాయడం మేలు. జిల్లాలోని కళాశాలల అనుబంధం 2008లో ఎచ్చెర్లలో డా. బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం నుండి అక్కడికి మారింది.

స్థానిక పరిస్థితులు తెలియనిదే ఇక్కడ కళాశాల నడపడం కష్టం. పలాస జీడిపప్పు పరిశ్రమ, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు, తీరంలో చేపల వేట ఈ ప్రాంతపు జీవనాధారాలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి ఆ తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి సంవత్సరాలు పడుతుంది; డిగ్రీ చదువు మూడేళ్లదే. రుసుము గడువు, హాజరు మినహాయింపు వంటి చిన్న నిర్ణయాలపై అటువంటి ఇంటి పిల్లల చదువు ఆధారపడుతుంది. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి సోకిన కుటుంబాల విషయంలోనూ ఇదే వరస.

ఇతర పద్ధతులు, పై పదవులు

అమెరికాలో 1901లో జోలియెట్‌తో మొదలైన రెండేళ్ల కమ్యూనిటీ కళాశాలలలో అధ్యక్షుని పాలకమండలి బహిరంగ దరఖాస్తుల నుండి ఎన్నుకొంటుంది. ఒక సంస్థ నుండి మరొకదానికి మారుతూ ఎదగడం అక్కడ మామూలు. తెలుగువారిలో రఘుపతి వెంకటరత్నం నాయుడు అటువంటి దారిలోనే సికింద్రాబాదు మహబూబ్ కళాశాల, కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలకు ప్రిన్సిపాలై, 1925లో మద్రాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడయ్యాడు. నేటి ప్రభుత్వ ప్రిన్సిపాల్‌కు పై మెట్టు ప్రాంతీయ సంయుక్త సంచాలకుని పదవి. కమిషనర్ పదవిలో సాధారణంగా ఐ.ఏ.ఎస్. అధికారులు ఉంటారు.