ఆకసమున అంగడి

రైలుబండి విజయవాడ స్టేషనులో ఆగినంతనే ప్లాట్‌ఫారము మీద కేకలు మొదలగును. కాఫీ అని ఒకడు, ఇడ్లీ వడ అని మఱియొకడు, పండ్లబుట్టతో ఇంకొకతె కిటికీల వెంట తిరుగుచుందురు. ఆ సందడిని మనమెవ్వరమును తప్పుపట్టము. కావలసినవారు పిలిచి కొందురు. అక్కఱలేనివారు తల త్రిప్పుకొందురు. బండి కదలినచో కేక వెనుకబడిపోవును. అమ్మువాడు అమ్మువాడుగనే మనకు కనబడును. అతని మాటకు మనపై అధికారమేమియు లేదు.

ఇట్టి అమ్మకమే విమానములోనికి ఎక్కినప్పుడు మాత్రము ప్రయాణికులు విసుగుకొనుచున్నారు. ఇది ఒక్క దేశపు మాట కాదు. ఐరోపాలోను, అమెరికాలోను, మన దేశములోను ఈ ఫిర్యాదు వినవచ్చుచున్నది. మన పిల్లలు సెలవులకు బంధువుల యిండ్లకు విమానములో పోవుట నేడు వింత కాదు. కావున ఈ విసుగు కేవలము సుకుమారుల సణుగుడో, లేక అందులో న్యాయమేమైన నున్నదో విచారించుట యుక్తము.

గత వేసవిలో నేను బెంగుళూరు నుండి విశాఖపట్టణమునకు రాత్రి విమానములో ప్రయాణము చేసితిని. ప్రక్క సీటులో ఒక తల్లి, ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపట్టిన పసిబిడ్డను ఒడిలో నుంచుకొని కూర్చుండెను. దీపములు తగ్గించిరి. అంతలో పైనుండి లౌడుస్పీకరు మ్రోగెను. జీడిపప్పు డబ్బాలు, వేడినీళ్లు పోసికొను ఉప్మా, పిల్లలకు బొమ్మ విమానములు, వాని తగ్గింపు ధరలు వరుసగా వినిపించిరి. మొదట ఆంగ్లములో, తరువాత హిందీలో. అది ముగిసిన కొంతసేపటికి మరల అదే పాఠము. బిడ్డ ఉలిక్కిపడి లేచెను. తల్లి ఎవ్వరిని ఏమియు అనలేదు. బిడ్డ చెవిపై అరచేయి కప్పి, తాను తల వంచుకొనెను. విమానము దిగబోవుచున్నది, బెల్టులు బిగించుకొనుడని హెచ్చరిక వచ్చినప్పుడును ఆమె తల యెత్తలేదు. ఆ గొంతును వినుట ఆమె అప్పటికే మానివేసినది. పరిచారిక వచ్చి భుజము తట్టి చెప్పవలసి వచ్చెను.

మన భాషలో 'ప్రకటన' యను మాటకు రెండర్థములున్నవి. అధికారి ప్రజలకు తెలియజేయునది ప్రకటన. వర్తకుడు తన సరకును పొగడుకొనునదియు ప్రకటనయే. పత్రికలో ఈ రెండును వేఱు వేఱు చోట్ల, వేఱు వేఱు అక్షరములలో అచ్చగును గనుక చదువరి పొరబడడు. విమానములో ఈ రెండును ఒకే గొంతుతో, ఒకే యంత్రము ద్వారా వినవచ్చును. చిక్కంతయు ఇందే యున్నది.

ఆ యంత్రము సంగతి కొంత తెలిసికొనవలెను. ఎగురుచున్న విమానములో ఇంజనుల హోరు, గాలి రాపిడి కలిసి సుమారు 80 డెసిబెల్స్ మేర ఎడతెగని ధ్వని యుండును. దానిని మించి వినబడవలెనని ప్రకటనల ధ్వనిని హెచ్చుగా నుంచుదురు. ఎదుటి సీటు తెరపై చలనచిత్రము చూచుచున్నచో, ప్రకటన వచ్చినప్పుడు ఆ చిత్రము తనంతట తాను ఆగిపోవును. అపాయవేళ హెచ్చరిక ప్రతివారికిని చేరవలెనని చేసిన ఏర్పాటిది. ప్రాణరక్షణకై పెట్టిన ఆ ద్వారముననే జీడిపప్పు డబ్బాయు లోనికి వచ్చుచున్నది. ప్రయాణికుడు లేచి పోలేడు, తలుపు మూయలేడు, యంత్రమును ఆపలేడు.

విమానసంస్థలు ఇట్లేల చేయుచున్నవి? అమెరికాలో 1978 వఱకు దేశములోపలి విమాన ఛార్జీలను ప్రభుత్వ మండలి యొకటి నియంత్రించెడిది. ధరలో పోటీ లేనందున సంస్థలు భోజనములోను, మర్యాదలలోను పోటీపడెడివి. 1978లో ఆ నియంత్రణను తొలగించు చట్టము వచ్చెను. అంతట టిక్కెట్టు ధరలో పోటీ పెరిగెను. ధర తగ్గించినవారు ఆ లోటును వేఱు దారుల పూడ్చుకొనసాగిరి. మన దేశములో 2003లో కెప్టెన్ గోపీనాథ్ బెంగుళూరు కేంద్రముగా ఎయిర్ డెక్కన్ సంస్థను నడుపనారంభించి, ఉచిత భోజనమును మాని, కావలసినవారు కొనుక్కొను పద్ధతిని అనుసరించిరి. అంతకుముందు విమానపు మెట్లెక్కనివారు పెక్కుమంది అట్టి చౌక ధరల వలననే ఎక్కగలిగిరి. ఈ మేలును మఱువరాదు.

ఐర్లండు దేశపు ర్యాన్‌ఎయిర్ సంస్థ ఈ మార్గమున చాల దూరము నడచినది. 2024 మార్చితో ముగిసిన సంవత్సరములో దాని మొత్తము ఆదాయము సుమారు 1,344 కోట్ల యూరోలు. అందులో సుమారు 430 కోట్లు టిక్కెట్టు ధర కాక ఇతర వసూళ్ల వలన వచ్చినవి. సామానునకు, ఎన్నుకొన్న సీటునకు, ముందుగా ఎక్కుటకు పుచ్చుకొను రుసుములును ఇందు చేరియున్నవి. విమానములోని అమ్మకములు అందొక భాగము మాత్రమే. ఆ విమానములలో తినుబండారములు, అత్తరులతోపాటు గీకి చూచుకొను లాటరీ చీట్లను గూడ అమ్ముదురు.

అమెరికాలో సరకు మాఱినది. అచ్చట కొన్ని సంస్థల విమానములలో అమ్ముచున్నది క్రెడిట్ కార్డు. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ తఱచుగా ప్రయాణించువారి పేర మైళ్లు జమకట్టి, వానికి బదులుగా ఉచిత ప్రయాణములిచ్చు పద్ధతిని ప్రారంభించెను. తరువాత బ్యాంకులు ఆ మైళ్లను సంస్థల యొద్ద టోకున కొని, తమ కార్డుతో ఖర్చు చేయువారికి పంచిపెట్టసాగినవి. 2023లో ఒక్క డెల్టా సంస్థకే అమెరికన్ ఎక్స్‌ప్రెస్ నుండి సుమారు 680 కోట్ల డాలర్లు ముట్టినవి. కావుననే పరిచారకులు మైకులో కార్డు గుణములు వర్ణించి, దరఖాస్తు కాగితములు పట్టుకొని సీట్ల నడుమ తిరుగుచుందురు. ఆమోదము పొందిన దరఖాస్తునకు ఇంతయని వారికి ప్రతిఫలము లభించును. జీతమునకు పనిచేయువారిని నిందించుట న్యాయము కాదు. ఐనను, అప్పు వంటి గంభీర విషయమును, నిబంధనలు తీరికగా చదువుటకు వీలులేని చోట, ఎదుట నిలిచినవారి చిరునవ్వునకు మొగమాటపడి నిర్ణయించుకొనుట ఎవరికి క్షేమము?

బయటికి పోలేనివానికి బలవంతముగా వినిపింపవచ్చునా యను ప్రశ్న విమానములతో పుట్టినది కాదు. 1949లో న్యూయార్కు నగరములోని గ్రాండ్ సెంట్రల్ రైల్వేస్టేషనులో లౌడుస్పీకర్ల ద్వారా సంగీతముతోపాటు వ్యాపార ప్రకటనలను వినిపింపసాగిరి. ప్రయాణికులు మొఱపెట్టుకొనిరి. న్యూయార్కర్ పత్రికా సంపాదకుడు హెరాల్డ్ రాస్ స్వయముగా విచారణకు వచ్చి సాక్ష్యమిచ్చెను. 1950 ఆరంభములో రైల్వేవారు ఆ ప్రసారములను ఆపివేసిరి.

ఆ కాలముననే వాషింగ్టను నగరపు ట్రాములలోను బస్సులలోను రేడియో ప్రసారములు మొదలైనవి. అందు నూటికి 90 పాళ్లు సంగీతము, 5 పాళ్లు సమాచారము, 5 పాళ్లు మాత్రమే వ్యాపార ప్రకటనలు. ప్రయాణికుల అభిప్రాయములు సేకరింపగా నూటికి 76 మంది అనుకూలురని, ఏడుగురికి లోపుగనే వ్యతిరేకులని తేలినది. వ్యాజ్యము అమెరికా సుప్రీంకోర్టు వఱకు పోయినది. 1952లో న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు ఆ ప్రసారములు రాజ్యాంగ విరుద్ధములు కావనిరి. న్యాయమూర్తి డగ్లస్ మాత్రము భిన్నమైన తీర్పు వ్రాసెను. ట్రామునెక్కువాడు పనికి పోవలసి యెక్కుచున్నాడే గాని వినుటకు కాదనియు, కదలలేనివాని చెవిలో మాటలు పోయుట అతని స్వేచ్ఛకు భంగమనియు ఆయన వాదము. మఱియొక న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్, తానును ఆ బాధననుభవించు ప్రయాణికుడనే గనుక నిష్పక్షపాతముగా తీర్పు చెప్పజాలనని తప్పుకొనెను. ఆనాటి ట్రాము ప్రయాణికుడు మఱీ విసిగినచో ముందటి మలుపున దిగిపోగలడు. విమాన ప్రయాణికునకు ఆ వీలును లేదు.

ఆ న్యాయమూర్తులు స్వేచ్ఛను గూర్చి తర్కించిరి. విమానములో దానికితోడు ప్రాణరక్షణ ప్రశ్నయు నున్నది. 1974 సెప్టెంబరు 11న అమెరికాలోని షార్లట్ నగర సమీపమున ఒక విమానము దిగుచు కూలిపోగా డెబ్బదిమందికి పైగా మరణించిరి. దిగువేళ చోదకులు పనికి సంబంధింపని సంభాషణలో పడి ఏమఱియుండిరని విచారణలో తేలినది. ఇట్టి ప్రమాదముల ఫలితముగా 1981లో వచ్చిన నియమము, 10,000 అడుగులకు దిగువన విమానరక్షణకు అవసరము కాని పనులేవియు చోదకులు చేయరాదని శాసించినది. అట్టి అనవసరపు పనులలో, తమ సంస్థను పొగడుచు ప్రయాణికులకు చేయు ప్రకటనలును పేర్కొనబడినవి. అనగా ప్రచారము వేఱు, రక్షణ వేఱు అని ఆ నియమమే గుర్తించినది. చోదకుని చెవికి లభించిన ఈ కాపుదల ప్రయాణికుని చెవికి లభింపలేదు.

ప్రయాణికుని చెవికిని విలువ కలదని చూపిన సంఘటన 2024 జనవరి 2న టోక్యో నగరపు హనేడా విమానాశ్రయమున జరిగినది. దిగుచున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానము, రన్‌వేపై నున్న తీరరక్షక దళపు విమానమును ఢీకొని మంటలలో చిక్కెను. చిన్న విమానములోని ఆఱుగురిలో ఐదుగురు మరణించిరి. పెద్ద విమానములోని 379 మందియు ప్రాణములతో బయటపడిరి. లోపలి లౌడుస్పీకర్ల ఏర్పాటు పనిచేయలేదు. పరిచారకులు మెగాఫోనులతోను, కంఠమెత్తి కేకలతోను ఆజ్ఞలిచ్చిరి. ప్రయాణికులు విని, పాటించి దిగిరి. పరిచారకుల మాటను నమ్ముట ఎంత అవసరమో ఇందువలన తెలియును. అమ్మకముల కొఱకు ఆ మాటను పదే పదే వాడుకొన్నచో, దానిని వినకుండుటకు చెవి అలవాటుపడును. 'నాన్నా పులి' కథ మన పిల్లలందఱికిని తెలిసినదే.

అమ్మకమే కూడదని నా యభిప్రాయము కాదు. అమెరికా విమానములలో ఇంచుమించు పాతికేండ్లపాటు స్కైమాల్ అను సరకుల పట్టిక పుస్తకము సీటు జేబులలో నుండెడిది. వింత వింత వస్తువుల బొమ్మలు చూచి జనులు ప్రొద్దుపుచ్చెడివారు. 2015లో దాని యాజమాన్యము దివాలా తీసినప్పుడు విచారించినవారును కలరు. తెఱచుటయు మూయుటయు ప్రయాణికుని చేతిలో నున్నది గనుక అది ఎవ్వరి నిద్రకును భంగము కలిగింపలేదు. నేటి సంస్థలును ధరల పట్టికను కాగితముపై నుంచవచ్చును. బండి వచ్చుచున్నదని ఒక్కసారి చెప్పి ఊరకుండవచ్చును. రాత్రివేళ అదియు మానవచ్చును. ప్రయాణికులును పరిచారికపై కోపపడుట మాని, సంస్థకు వ్రాయవచ్చును. కేంద్ర విమానయాన శాఖ 2016లో నెలకొల్పిన ఎయిర్‌సేవ ద్వారా ఫిర్యాదు పంపవచ్చును.

ఈ ఒత్తిడి విమానమెక్కకముందే, టిక్కెట్టు కొనునప్పుడే మొదలగుచున్నది. 2023 నవంబరు 30న మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, ఇంటర్నెట్టు అమ్మకములలోని మాయోపాయములను నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించినది. వద్దనువానికి సిగ్గు గాని భయము గాని కలిగించి ఒప్పించుట అందొకటి. దానికిచ్చిన ఉదాహరణము విమాన టిక్కెట్టే: బీమా అక్కఱలేదనువాని చేత, తాను రక్షణ లేకుండ నుందునని అనిపించుట. టిక్కెట్టు కొనునప్పుడు తొందరపడక, తాము కోరనిదేదైన మొత్తములో చేరినదేమో చూచుకొనుట మంచిది.

తల్లిదండ్రులకు చివరగా నొక మాట. పిల్లలతో విమానమెక్కినప్పుడు పైనుండి గొంతు వినబడిన ప్రతిసారియు, "ఇది మన క్షేమమునకు చెప్పినదా, అమ్ముటకు చెప్పినదా?" అని వారిని అడుగుడు. రెండు మూడుసారులకే వారు చక్కగా పోల్చుకొందురు. మొదటిదైనచో చేతిలోని ఆట విడిచి వినవలెనని, రెండవదైనచో మర్యాదగా వద్దనవచ్చునని చెప్పుడు. వద్దనుట అమర్యాద కాదని చిన్ననాడు తెలిసినవారు పెద్దయిన పిదప అక్కఱలేని అప్పులకును సంతకము పెట్టరు. ఆ రాత్రి ఆ తల్లి చేయి పాపము రెండు ప్రకటనలను ఒక్కటిగనే కప్పినది. మన పిల్లలకు ఈ రెంటిని వేఱుపఱచి వినుట నేర్పుదము.